రెండు బాల్యాలు, ఒకే వేదిక

ఒకరు: బెర్నాట్ రోస్నర్, ఫ్రెడరిక్ టూబాక్. ఈ ఇద్దరి కథ చదివాకే సయోధ్య అనే మాట మీద నాకు నమ్మకం కుదిరింది. రోస్నర్ హంగరీలో టాబ్ అనే చిన్న ఊళ్లో, ఆచారం తప్పని యూదుల ఇంట్లో పెరిగాడు. 1944లో, పన్నెండేళ్ల వయసులో, తల్లిదండ్రులతో, తమ్ముడితో పాటు అతన్ని రైలెక్కించి నాజీల ఔష్విట్జ్ శిబిరంలో దించారు. ఆ నలుగురిలో ప్రాణాలతో మిగిలింది అతనొక్కడే. టూబాక్ అతనికన్నా కాస్త పెద్దవాడు. జర్మనీలో ఒక పల్లెలో పెరిగాడు. తండ్రి నాజీ పార్టీ మనిషి, సైన్యంలో అధికారి. కొడుకు హిట్లర్ యూత్ పిల్లల దళంలో చేరి కవాతు చేశాడు. కాలం ఇద్దర్నీ కాలిఫోర్నియా చేర్చింది. ఒకరు లాయరు, ఒకరు బర్క్‌లీలో జర్మన్ ప్రొఫెసరు. నడివయసులో స్నేహితులయ్యారు, 2001లో కలిసి ఒక పుస్తకం తెచ్చారు. ఎక్కడ పుట్టాలో ఇద్దరిలో ఎవరూ ఎంచుకోలేదు. ఎంచుకోగలిగిన వయసు వచ్చాక మాత్రం ఒకరి ఇంటికి ఒకరు వెళ్లడాన్ని ఎంచుకున్నారు. యుద్ధం విడదీసిన పిల్లలు పెద్దయ్యాక చేయగలిగిన పనుల్లో ఇంతకన్నా గొప్పది నాకు తోచడం లేదు.

ఇంకొకరు: ఆ స్నేహాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, పట్టను కూడా. దాన్ని పట్టుకుని మనం ప్రపంచానికి చెప్పే పాఠం మీదే నా అభ్యంతరం. ఎదురెదురు పక్షాల బాల్యాలు అంటున్నాం. ఆ రెండింటిలో ఒక పక్షం పిల్లలు దాదాపుగా మిగల్లేదండీ. నాజీలు, వాళ్లకు తోడైనవాళ్లు సుమారు 15 లక్షల మంది యూదు పిల్లల్ని చంపేశారు. హంగరీ సంగతే చూడండి. 1944 మే 15 నుంచి జూలై 9 వరకు, ఎనిమిది వారాల్లో, 4 లక్షల 30 వేల మందికి పైగా యూదుల్ని రైళ్లలో తరలించారు. వాళ్లలో అత్యధికుల్ని చేర్చింది ఔష్విట్జ్‌కే. అక్కడ రైలు దిగిన చిన్నపిల్లల్లో చాలామందిని నేరుగా గ్యాస్ గదులకు నడిపించారు. పన్నెండేళ్ల రోస్నర్ బతకడం లక్షల్లో ఒక మినహాయింపు. హిట్లర్ యూత్‌లో పెరిగిన పిల్లవాడు ముసలివాడై మన ముందు కూర్చోవడంలో వింతేమీ లేదు. ఈ తేడా చెప్పకుండా వేదిక మీద రెండు కుర్చీలు పక్కపక్కన వేస్తే, వినడానికొచ్చిన బడిపిల్లలకు ఏం కనిపిస్తుంది? ఇటొకరు, అటొకరు, సరిసమానంగా.

ఒకరు: ఆ తేడా చెప్పకపోతే అది వేదిక నడిపేవాళ్ల తప్పు. కూర్చున్నవాళ్లది కాదు.

ఇంకొకరు: కూర్చున్నవాళ్ల గురించే చెబుతాను. ఆల్ఫోన్స్ హెక్ పేరు మీకు తెలుసు. విట్లిక్ అనే ఊళ్లో 1928లో పుట్టాడు, పదేళ్లకు హిట్లర్ యూత్‌లో చేరాడు, పదహారేళ్లకే వేలమంది పిల్లల మీద పెత్తనం చేసే హోదాకు ఎదిగాడు. తర్వాత అమెరికాలో స్థిరపడి, 1980లలో హెలెన్ వాటర్‌ఫోర్డ్ అనే ఔష్విట్జ్ బాధితురాలితో కలిసి ఏళ్ల తరబడి కాలేజీల్లో ప్రసంగించాడు. వాళ్లిద్దరి కథల్నీ పక్కపక్కన పెట్టి పిల్లల కోసం పుస్తకం కూడా వచ్చింది. కానీ ఆవిడ పుట్టింది 1909లో. ఔష్విట్జ్ చేరేనాటికి ముప్పయ్యయిదేళ్ల మనిషి. కూతుర్ని ముందే ఒక డచ్ కుటుంబం దగ్గర దాచిన తల్లి. అంటే ఆ జంటలో బాల్యం ఉన్నది హెక్‌కే. హెక్ ఈడు యూదు పిల్లవాడు అతని పక్కన నిలబడాలి కదా? హెక్‌కు చిన్నప్పుడు ఒక యూదు స్నేహితుడు ఉండేవాడు, ఒకే ఊరివాళ్లు. ఆ పిల్లవాడు ఔష్విట్జ్ నుంచి తిరిగి రాలేదు. హెక్ పక్కన వేయాల్సిన కుర్చీ అతనిది.

ఒకరు: ఒప్పుకుంటున్నాను. ఆ కుర్చీని నేను మరచిపోను, ఎవరినీ మరచిపోనివ్వను. అయితే ఇటువైపు పిల్లవాడి మీద ఏం జరిగిందో కూడా చూడండి. 1936 డిసెంబర్‌లో హిట్లర్ యూత్ మీద చట్టం తెచ్చారు. 1939 మార్చిలో సభ్యత్వాన్ని తప్పనిసరి చేశారు. పిల్లల్ని పంపని తల్లిదండ్రులకు జరిమానా, జైలు. అప్పటికే సభ్యుల సంఖ్య 70 లక్షలు దాటింది. బళ్లో లెక్కల పుస్తకం తెరిస్తే, వికలాంగుల పోషణకు ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందో కట్టమనే లెక్కలు. బొమ్మల పుస్తకం తెరిస్తే, యూదుల్ని విషపు పుట్టగొడుగులుగా చూపించే కథలు. 1938 నవంబర్ మధ్యకల్లా జర్మన్ బళ్లలోంచి యూదు పిల్లల్ని పూర్తిగా వెళ్లగొట్టారు. పక్క బెంచీ ఖాళీ అయితే ఎందుకని అడిగే గొంతు కూడా మిగల్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు మంచి పెంపకం గురించి అంటారు. ఆ రాజ్యానికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు, అందుకే పదేళ్లకే పట్టుకుంది. పదేళ్ల పిల్లవాణ్ణి దోషి అనడానికి నాకు నోరు రాదు. హిట్లర్ యూత్ నాయకుడు బాల్డుర్ ఫాన్ షీరాక్ న్యూరెంబర్గ్ విచారణలో 1946లో ఏమన్నాడు? లక్షలమందిని చంపిన మనిషి కోసం యువతను తయారుచేసిన నేరం తనదేననీ, పిల్లలది కాదనీ ఒప్పుకున్నాడు.

ఇంకొకరు: ఆ షీరాక్‌కే ఇరవయ్యేళ్ల జైలు పడింది. పిల్లల్ని చెడగొట్టినందుకు కాదు, వియన్నా యూదుల్ని తరలించినందుకు. ఆ తరలింపు చావులోకేనని తనకు తెలియదన్నాడు. అతని నోటి నుంచి పిల్లలకు యోగ్యతాపత్రం తీసుకోకండి. మీకు మరో కుర్రవాణ్ణి చూపిస్తాను. హెల్ముట్ హ్యూబెనర్, హాంబర్గ్. 1925లో పుట్టాడు. అతనూ ఆ బళ్లలోనే చదివాడు, అతనూ హిట్లర్ యూత్‌లో ఉన్నాడు. రహస్యంగా బీబీసీ విని, విన్నది కరపత్రాలుగా టైపు చేసి, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి ఊరంతా పంచాడు. 1942 అక్టోబర్ 27న బెర్లిన్‌లో అతని తల నరికారు. అప్పటికి పదిహేడేళ్లు. అందరినీ ఒకేలా వంచారని మీరంటున్నారు, వంగనివాడు ఇక్కడున్నాడు.

ఒకరు: వంగనివాడికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అతన్ని కొలబద్ద చేయకండి. పదిహేడేళ్ల వయసు వేరు, పదేళ్ల వయసు వేరు. అతని ఇంట్లోకి ఒక రేడియో వచ్చింది, ఆ రేడియో రాని ఇళ్లు లక్షలున్నాయి. తల తెగుతుందని తెలిసీ నిలబడినవాణ్ణి చూపించి మిగతా పిల్లలందర్నీ నిలదీస్తే, ఆ పరీక్షలో మీరు, నేను మాత్రం నెగ్గుతామా? నెగ్గుతానని నేను ప్రమాణం చేయలేను.

ఇంకొకరు: నేనూ చేయలేను. అయినా చిన్నతనం అన్నిటికీ సమాధానం అయిపోదు. హాన్స్ షోల్, సోఫీ షోల్ సంగతి తీసుకోండి. ఇద్దరూ మొదట్లో ఆ దళాల్లో ఉత్సాహంగా తిరిగినవాళ్లే. తర్వాత కళ్లు తెరిచారు, కరపత్రాలు రాశారు, 1943 ఫిబ్రవరి 22న మరణశిక్షకు గురయ్యారు. హిట్లర్ దగ్గర కార్యదర్శిగా పనిచేసిన ట్రౌడల్ యుంగె సోఫీ కన్నా ఏడాదే పెద్ద. నేను చిన్నదాన్ని, నాకేమీ తెలియదు అని యుద్ధం తర్వాత చాలాకాలం తనకు తాను చెప్పుకుంది. ఒకరోజు మ్యూనిక్ వీధిలో సోఫీ స్మారక ఫలకం చూసింది. తన ఈడు పిల్ల, తను హిట్లర్ దగ్గర చేరిన కాలంలోనే చనిపోయిందని అర్థమయ్యాక, చిన్నతనం సాకు కాదని గ్రహించానని చివరి రోజుల్లో కెమెరా ముందు ఆమే చెప్పింది. నేనెవరినీ ఉరి తీయమనడం లేదు. తెలుసుకునే వీలుండేదా అనే ప్రశ్నను తెరిచే ఉంచమంటున్నాను. సయోధ్య కథలు దాన్ని మూసేస్తున్నాయి.

ఒకరు: మూసేయడం కాదు, ఆ ప్రశ్నకు లోపలి నుంచి జవాబు చెప్పగలిగేది హెక్ లాంటివాడే. 1938 నవంబర్‌లో యూదుల ప్రార్థనాలయాల మీద, దుకాణాల మీద దాడులు జరిగినప్పుడు అతనికి పదేళ్లు. విట్లిక్ వీధిలో ఆ విధ్వంసం చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న స్నేహితుడు ప్రార్థనాలయం కిటికీల మీదికి రాయి విసిరాడు. మరుక్షణంలో తనూ విసిరేవాడేమో, ఈలోగా మేనమామో బాబాయో, ఇంటి పెద్ద ఒకాయన ఇద్దర్నీ మెడపట్టి లాగి, తిట్టి, ఇంటికి తరిమాడు. ఈ సంగతి హెక్ దాచకుండా చెప్పాడు. అదే ఏడాది న్యూరెంబర్గ్‌లో నాజీల సభకు వెళ్లి హిట్లర్‌ను చూసిన పరవశాన్నీ దాచలేదు. ఈ పరవశం గురించి బాధితులు మనకు చెప్పలేరు. ద్వేషాన్ని పిల్లలకు పండుగలా ఎలా తినిపించారో తిన్నవాడికే తెలుసు. జెండాలు, డప్పులు, అడవుల్లో రాత్రి మంటలు, తోటివాళ్ల మధ్య గర్వం. రేపు ఇంకో దేశంలో ఇంకో పార్టీ పిల్లలకు అదే పండుగ చేస్తుంటే గుర్తుపట్టాలంటే, ఆ రుచి ఎలా ఉంటుందో ముందే విని ఉండాలి.

ఇంకొకరు: ఇక్కడ మీ మాట నన్ను కదిలించింది. మెడపట్టి లాగిన ఆ పెద్దమనిషికి అది తప్పని తెలుసు, పిల్లలకు తెలియదు, లేదా తెలిసీ తెలియని దశలో ఉన్నారు. ఇంత నిజాయితీగా చెప్పగలిగినవాళ్లు చెప్పాలి. దానికి నేను అడ్డు రాను. కానీ సాక్ష్యం వేరు, సయోధ్య వేరు. సాక్ష్యం చెప్పడానికి అవతలివాళ్ల చేయి పట్టుకోవాల్సిన పని లేదు. ఎవరి క్షమాపణా అక్కర్లేదు. ఒంటరిగా నిలబడి చెప్పొచ్చు.

ఒకరు: ఒంటరిగా చెబితే అతన్ని అడిగేవాళ్లుండరు. పక్కన హెలెన్ వాటర్‌ఫోర్డ్ కూర్చుంటే ఒక్క మాట అతిశయం చేయడానికి కూడా సందుండదు. అసలు విషయానికి వద్దాం. క్షమించే హక్కు బాధితులకు కూడా లేదంటారా? ఇవా మోజెస్ కోర్ గురించి ఏమంటారు? పదేళ్ల వయసులో కవల చెల్లెలు మిరియంతో పాటు ఔష్విట్జ్‌లో వైద్యుడు మెంగెలె ప్రయోగాలకు గురైన పిల్ల. తల్లినీ తండ్రినీ ఇద్దరు అక్కల్నీ ఆ శిబిరంలోనే పోగొట్టుకుంది. 1995 జనవరిలో, ఔష్విట్జ్ విముక్తికి యాభయ్యేళ్లు నిండిన రోజున, అక్కడ పనిచేసిన నాజీ వైద్యుడు హాన్స్ మ్యూంక్‌ను వెంటబెట్టుకుని అదే నేల మీదికి వెళ్లింది. గ్యాస్ గదులు నిజమని అతని చేత సంతకం పెట్టించింది. తర్వాత నాజీలను క్షమిస్తున్నానని ప్రకటించింది. తన తరఫునే అంటున్నానని, ఇంకెవరి తరఫునా కాదని పదేపదే చెప్పింది. క్షమించాక బరువు దిగిందని చెప్పింది. యాభయ్యేళ్లు బాధితురాలిగా బతికిన మనిషి ఇక అలా బతకనని తీర్మానించుకుంటే, వద్దనడానికి మనమెవరం?

ఇంకొకరు: వద్దనను. ఆ సంతకం చాలా విలువైంది, అబద్ధాలు చెప్పేవాళ్ల నోళ్లు మూయించే పత్రం అది. తర్వాత జరిగింది కూడా చెప్పండి. 1998లో ఒక జర్మన్ పత్రికతో మాట్లాడుతూ మ్యూంక్ మెంగెలెను మెచ్చుకున్నాడు. ఆ వయసులో అతని మతి సరిగ్గా లేదని కొందరన్నారు, ఉండొచ్చు. 2015లో జర్మనీలోని ల్యూనెబర్గ్‌లో ఔష్విట్జ్ గుమస్తా ఓస్కార్ గ్రోనింగ్ మీద విచారణ జరిగినప్పుడు ఇవా కోర్ అతనితో చేయి కలిపింది. ఆ ఫొటో లోకమంతా చూసింది. అదే కేసులో ఆమెతో పాటు ఫిర్యాదు చేసిన మిగతావాళ్లు బాధపడ్డారు. మా అమ్మానాన్నల తరఫున మేం క్షమించలేం, అది మాకు లేని అధికారం అన్నారు. ఆ ఫొటో పక్కన వాళ్ల మాట ఎంతమందికి చేరింది? ఒక మనిషి క్షమిస్తే మెచ్చుకుని ఊరుకోం మనం. పక్కవాళ్ల వైపు తిరిగి, ఆమెకు సాధ్యమైంది మీకెందుకు కాలేదని అడుగుతాం. కుటుంబమంతా పోయి, అరవయ్యేళ్లు పీడకలలతో నిద్రలేచిన మనిషి దగ్గరికి వెళ్లి, నీ మనసు చిన్నదని చెప్పకనే చెబుతాం. క్షమించలేకపోవడం ఒక రోగమన్నట్టు, క్షమ దాని మందన్నట్టు మాట్లాడతాం. ఔష్విట్జ్ నుంచి బయటపడ్డ రచయిత జాన్ అమెరీ 1960లలోనే తన కోపాన్ని తనలో అలాగే ఉంచుకుంటానని, అది నైతికమైన కోపమని రాశాడు. కాలం గాయాన్ని మాన్పుతుందనే మాటను అతను ఒప్పుకోలేదు. ఆ కోపానికి మీ వేదిక మీద చోటుందా?

ఒకరు: ... ఉండాలి. ఇప్పటిదాకా లేదు. ఇవా కోర్ లాంటి కథల్ని నేను కూడా మరొకరికి ఆదర్శంగా చూపించే ఉద్దేశంతోనే చెబుతూ వచ్చాను. మీరు చెప్పిన ఒత్తిడి నిజమే. క్షమించనివాళ్లను తక్కువ చేసే సయోధ్య నాకొద్దు.

కానీ క్షమించననేవాళ్ల లోపల కూడా ఒక తలుపు ఉంటుంది. ఫ్రెంచ్ తత్వవేత్త వ్లదిమీర్ జాంకెలెవిచ్ ఉన్నాడు. క్షమ అనేది ఆ శిబిరాల్లోనే చచ్చిపోయిందని రాసినవాడు. జర్మన్ సంగీతాన్ని, జర్మన్ తత్వశాస్త్రాన్ని జీవితంలోంచి తీసేసినవాడు. మాకు ఒక్కరైనా ఆ దేశం నుంచి రెండు మంచి మాటలు రాశారా అని బాధపడ్డవాడు. 1980లో అతనికి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది యుద్ధం మొదలైన ఏడాదే పుట్టిన జర్మన్ ఉపాధ్యాయుడు. నేను ఏ యూదుణ్ణీ చంపలేదు, అయినా నా దేశం చేసినదానికి నా మనసు నెమ్మదిగా లేదు, మా ఇంటికి రండి అని రాశాడు. జాంకెలెవిచ్ కరిగిపోయాడు. ఈ ఉత్తరం కోసమే ముప్పయ్యయిదేళ్లుగా ఎదురుచూస్తున్నానని బదులిచ్చాడు. ఎదురుచూడటం అంటే ఏమిటండీ? అంత కోపంలోనూ అటు నుంచి ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కూర్చున్నాడని కదా?

ఇంకొకరు: ఆ ఉత్తరం గురించి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అయితే బదులు పూర్తిగా చెప్పండి. జర్మనీకి నేను రాను, ఈ వయసులో కొత్త అధ్యాయం మొదలుపెట్టలేను, నువ్వే పారిస్ రా అన్నాడు. ఆ ఉపాధ్యాయుడు వెళ్లాడు. ఇద్దరూ మంచిగా మాట్లాడుకున్నారు. జాంకెలెవిచ్ మాత్రం తన నిర్ణయం మార్చుకోలేదు, క్షమించాననీ అనలేదు. ఆ ఉపాధ్యాయుడూ క్షమించమని అడగలేదు. దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. సైమన్ వీజెన్‌థాల్ అనే యూదుడు నాజీ శిబిరంలో ఖైదీగా ఉండగా చావు మంచం మీదున్న ఒక ఎస్‌ఎస్ సైనికుడు అతన్ని పిలిపించుకుని, యూదులందరి తరఫున క్షమించమని వేడుకున్నాడు. వీజెన్‌థాల్ ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయాడు. తన మనశ్శాంతి కోసం ఖైదీని పిలిపించుకున్న సైనికుడు ఒకడు. ఏమీ అడగకుండా తానే బయల్దేరి వెళ్లిన ఉపాధ్యాయుడు మరొకడు. ఈ రెండింటికీ మనం ఒకటే పేరు పెడుతున్నాం.

ఒకరు: ముందుగా ఎవరు కదలాలన్నది అంత ముఖ్యమా?

ఇంకొకరు: నాకు అదే ముఖ్యం. లోథర్ క్రైసిగ్ అనే జర్మన్ న్యాయమూర్తి ఉండేవాడు. 1940లో వికలాంగుల్ని రహస్యంగా చంపుతున్నారని పసిగట్టి, హత్య అని ఫిర్యాదు రాసి, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఎదిరించినవాడు ఆయన. అయినా 1958లో ప్రాయశ్చిత్తం కోసం ఒక సంస్థ పెట్టించింది ఆయనే. జర్మన్ యువతను జర్మనీ చేతిలో నలిగిన దేశాలకు పంపి కట్టడం, తవ్వడం, వృద్ధులకు సేవ చేయడం లాంటి పనులు చేయించారు. మీ పిల్లల చేత మా దేశంలో పని చేయించుకోండి, మా మీద మీ మనసు మారాలనే షరతేమీ లేదు అన్నట్టుగా. ఇంత అడగనితనం ఉంటే సయోధ్యను నేనూ నమ్ముతాను.

ఒకరు: నేను నమ్మేదీ దానికి దూరంగా లేదు. అయితే పని ఒక్కటే చాలదు, మాట కూడా కావాలి. ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ బార్-ఆన్ 1980లలో జర్మనీ వెళ్లి నాజీల పిల్లలతో మాట్లాడాడు. యుద్ధంలో ఏం చేశావు నాన్నా అని అడగని ఇళ్లు, అడిగినా జవాబు రాని ఇళ్లు ఆయనకు కనిపించాయి. చంపినవాళ్ల పిల్లల ఇళ్లల్లో మౌనం. బాధితుల పిల్లల ఇళ్లల్లో ఇంకో రకం మౌనం. 1992లో ఆ రెండు రకాల పిల్లల్నీ ఒకే గదిలోకి తెచ్చాడు. వాళ్లు ఏళ్ల తరబడి కలుస్తూనే ఉన్నారు. క్షమ మాట పక్కన పెట్టండి. కలవకపోతే ఆ మౌనం మనవలకు చేరుతుంది. మౌనంలో పెరిగిన మనవడికి జెండాలు, డప్పులు మళ్లీ కొత్తగా కనిపిస్తాయి. నా భయమంతా అదే.

ఇంకొకరు: ఆ భయం నాకూ ఉంది. మీరు మొదట చెప్పిన పుస్తకంలోనే నాకు ఒక దారి కనిపిస్తుంది. దాన్ని టూబాక్ రాశాడు. తన బాల్యాన్ని నేను అంటూ చెప్పాడు. రోస్నర్ బాల్యాన్ని మాత్రం అతను అంటూ, బయటి మనిషి కథలా చెప్పాడు. ఔష్విట్జ్ చూసిన ఆ పిల్లవాడిలోకి రోస్నర్ మళ్లీ వెళ్లలేడు కాబట్టి. పాతికేళ్ల కిందటి ఆ పుస్తకంలో ఆ ఇద్దరూ పూర్తి సమానంగా కూర్చోలేదు. ఆ హెచ్చుతగ్గును దాచనూ లేదు. అందుకే దాన్ని నేను నమ్ముతాను.

ఒకరు: అలాగైతే మన మధ్య తేడా ఎక్కడుంది?

ఇంకొకరు: ఉంది. మీరు ఆ ఇద్దరి చేతులు కలవడం దగ్గర కథ ఆపుతారు. నేను ఆపలేను. విట్లిక్ యూదు పిల్లవాడి కుర్చీ ఖాళీగా ఉన్నంతకాలం ఆపలేను.

ఒకరు: నేను కూడా ఆపమనడం లేదు. కానీ చేతులు కలిసిన చోటును చూపించకపోతే, పిల్లలు మనల్ని అడుగుతారు, ఇంత తెలుసుకుని ఇక ఏం చేయాలని. వాళ్లకు ఏదో ఒకటి చూపించాలి.

ఇంకొకరు: చూపించండి. ఆనాటి పిల్లల్లో ఇంకా బతికున్నవాళ్లు తొంభైలకు అటూ ఇటూ ఉన్నారు, వాళ్లను బడికి పిలిచే కాలం అయిపోవస్తోంది. పిలిచే ఉపాధ్యాయులకు నా విన్నపం ఇంతే. హిట్లర్ యూత్‌లో పెరిగినవారిని ఎంత కష్టమైన ప్రశ్న అయినా అడగనివ్వండి, నువ్వేం చూశావు, ఎవరు మాయమయ్యారు, ఎప్పుడు తెలుసుకున్నావు అని. శిబిరం నుంచి వచ్చినవారు ఏది చెబితే అది వినండి. మీరు క్షమించారా అని మాత్రం వారిని ఏ పిల్లవాడి చేతా అడిగించకండి.